ఎండకు అడ్డం పట్టే ఉద్యోగం

మా ఆయన బేకరీ వ్యాను నడుపుతాడు. నేను పక్క సీట్లో కూర్చుని సూర్యుణ్ణి ఆపుతాను. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను. సాయంత్రం సరుకు వేసే దారంతా పడమటికే. వ్యానులో ఎండకు అడ్డంగా దించుకునే పలక ఎప్పుడో విరిగి ఊడిపోయింది. ఆయనకేమో చూపు తక్కువ. పవరు అద్దాలు లేకపోతే ఎదురుగా ఉన్నది లారీయో గోడో చెప్పలేడు. అందుకని రోడ్డు పక్కన అమ్మే నల్ల కళ్ళద్దాలు పనికిరావు. ఒకసారి పవరు అద్దాల మీద అవి కూడా తగిలించి చూశాడు. మొదటి గతుకులోనే రెండు జతలూ ఊడొచ్చి నా ఒళ్ళో పడ్డాయి. అప్పటినుంచి ఒక కేకు డబ్బా మూత నా చేతికొచ్చింది.

చిన్న పనేం కాదది. దారి కాస్త వంపు తిరిగితే సూర్యుడు పక్కకు జరుగుతాడు, నేను మూత జరపాలి. ఎక్కువ దించితే ఆయనకు రోడ్డు కనపడదు, ఎక్కువ ఎత్తితే కళ్ళు బైర్లు కమ్ముతాయి. "కొంచెం ఇటు", "అబ్బ, అంత కాదు", "చెట్టు నీడ వచ్చింది, తీసెయ్" అని ఆయన చెబుతూ ఉంటాడు. "నాకు తెలుసులెండి" అని నేను విసుక్కుంటూ ఉంటాను. ఇల్లు చేరేసరికి భుజం పీకుతుంది. చేయి లాగుతోంది, మెడ పట్టేసింది, ఏ పాపం చేసుకున్నానో ఈ వ్యానుకి దొరికిపోయాను అని నేను సణగని రోజు లేదు.

అసలు సంగతి వేరు. పొద్దుటినుంచి వెనక గదిలో కుట్టు మిషను ముందు కూర్చుని ఊళ్ళోవాళ్ళ ప్యాంట్ల అంచులు మడిచేదాన్ని, జిప్పులు మార్చేదాన్ని. సాయంత్రం ఆ సీటెక్కితేనే నాకు గాలి తగిలేది. పైగా మా ఆయన ఇంట్లో నోరు విప్పడు. టీవీ ముందు కూర్చున్నాడంటే "ఊఁ" ఒకటి, "ఆఁ" ఒకటి, అంతటితో సరి. వ్యానెక్కితే మాత్రం వేరే మనిషి. ఏ కొట్టాయన నిన్నటి బన్నుల్ని ఇవాళ్టివని అమ్ముతున్నాడో, ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం మానేసిందో, తను చిన్నప్పుడు ఏ గోడ దూకి ఎక్కడ పడ్డాడో అన్నీ చెబుతాడు. పెళ్ళయినప్పటినుంచి ఆయన నాతో ఆడిన మాటల్లో ముప్పాతిక వంతు ఆ వ్యానులోనివే. ఆ సీటు పోతే మొగుడు ఎక్కడికీ పోడు గానీ, మొగుడితో కబుర్లు పోతాయి. ఇది మాత్రం నేనెవరికీ చెప్పలేదు. చేయి లాగుతోందనే చెప్పాను.

కొంప ముంచింది ఒక పుట్టినరోజు కేకు. మూడంతస్తులది, పెద్ద ఆర్డరు. సిగ్నలు దగ్గర మూత నా చేతిలోంచి జారి సరిగ్గా ఆయన మొహం మీద పడింది. ఆయన బ్రేకు తొక్కాడు. బండి ఆగింది, వెనక కేకు ఆగలేదు. పుట్టినరోజు వాళ్ళింటి ముందు తలుపు తీసి చూస్తే మూడంతస్తులదల్లా ఒక్క అంతస్తయింది, అదీ సగం వ్యాను గోడకే ఉంది.

బేకరీ ఓనరు గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజూ పెంచలేదు. "డ్రైవరు మొహానికి అట్ట అడ్డం పెట్టుకుని తిరిగే బండి మనదని జనం చెప్పుకోకూడదు. సోమవారానికల్లా పవరున్న చలువ కళ్ళద్దాలు తెచ్చుకో. లేదంటే వ్యాను ఇంకొకరికిస్తాను, నువ్వు పొయ్యి దగ్గరికి వచ్చెయ్" అన్నాడు. నా వైపు తిరిగి, "మీకూ శ్రమ తప్పుతుందమ్మా" అని కూడా అన్నాడు. పైగా దయ ఒకటి.

పొయ్యంటే మా ఆయనకు హడల్. పెళ్ళికి ముందు అక్కడే పనిచేశాడు. రొట్టె కాలేలోపు తను కాలేవాడినని చెబుతాడు. బండి తాళాలు చేతికొచ్చిన రోజు ఆయనకు మా పెళ్ళిరోజు కంటే బాగా గుర్తు. ఇంటికొస్తూ దారంతా మాట్లాడలేదు. గుమ్మం దగ్గర మాత్రం, "పోనీలే, నీ చేతికి విశ్రాంతి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియక గిన్నెల మీద చూపించాను. అద్దాలు రాకపోతే ఆయన వ్యాను పోతుంది, వస్తే నా సీటు పోతుంది. ఏ దేవుణ్ణి ఏమని అడగాలో మీరే చెప్పండి.

ఆదివారం కళ్ళద్దాల షాపుకి వెళ్ళాం. పిలవకపోయినా మా మరిది వెంట వచ్చాడు. అతగాడికి జిరాక్సు షాపుంది. లోకంలోని కాగితాలన్నీ తన చేతిమీదుగా వెళ్తాయి గనుక లోకంలోని సంగతులన్నీ తనకు తెలుసని నమ్మకం. కాపురానికి వచ్చిన నాటినుంచి నేను అతని మాటకు సరేనన్న పాపాన పోలేదు. అతను ఫ్యాను వెయ్యమంటే నేను వెళ్ళి కిటికీ తెరిచేదాన్ని.

కౌంటరు వెనక ఒకమ్మాయి ఉంది. ఓపికకే జీతమిస్తారనుకుంటాను ఆ పిల్లకి. మా ఆయన కళ్ళు పరీక్ష చేసి, "బండి ఎక్కువగా ఏ టైములో నడుపుతారంకుల్?" అని అడిగింది.

"సాయంత్రం. ఎండ ఎదురుగా కొడుతుంది. తక్కువలో చూడమ్మా" అన్నాడాయన.

ముందుగా పోలరైజ్డ్ అద్దాలట, అవి తీసింది. తడి రోడ్డు మీంచీ, ఎదుటి బళ్ళ మీంచీ కంట్లోకి కొట్టే మెరుపుని అవి ఆపేస్తాయని చెప్పింది. మా ఆయన చెయ్యి చాపేలోపే మా మరిది లాక్కుని పెట్టుకున్నాడు. తన ఫోటో తీసుకుందామని ఫోను అడ్డంగా తిప్పాడు. మొహం పాలిపోయింది.

"అన్నయ్యా, నా ఫోను పోయింది."

అద్దాలు తీశాడు. ఫోను బాగానే ఉంది. పెట్టుకున్నాడు. పోయింది. మళ్ళీ తీశాడు, వచ్చింది. "వదినా, ఈ షాపులో కరెంటు తేడాగా ఉంది" అన్నాడు.

"ఫోనుకేం కాలేదండీ. ఈ అద్దాల్లోంచి చూస్తే కొన్ని స్క్రీన్లు ఒక వాటంలో నల్లగా కనిపిస్తాయి. తల కాస్త వంచి చూడండి" అంది అమ్మాయి.

తల వంచాడు. ఫోను వచ్చింది. ఎత్తాడు, పోయింది. ఇక ఆ తలని భుజానికి ఆనించుకుని, మెడ పట్టేసినవాడిలా షాపంతా తిరుగుతూ మెసేజీలు చదువుకున్నాడు. తీరా చదవడం అయ్యాక, "ఫోన్లని చంపే అద్దాలు మనకొద్దన్నయ్యా" అని తేల్చేశాడు. ధర విని మా ఆయన కూడా వద్దనే అన్నాడు.

తరవాత ఫ్రేములు. పెద్దది పెడితే ఈగలా ఉన్నారన్నాను. చిన్నది పెడితే ఈగని చూస్తున్న బల్లిలా ఉన్నారన్నాను. మూడోది నిజంగానే ఆయనకు బాగా నప్పింది, మనిషి పదేళ్ళు తగ్గాడు. "దొంగతనానికి బయల్దేరినట్టుంది" అన్నాను. పాపం, నేను ఏది వద్దంటే ఆయన అది తీసి బల్ల మీద పెట్టాడు.

"తక్కువలో అవ్వాలంటే ఒక మార్గం ఉందాంటీ" అంది అమ్మాయి నాతో. "ఏదో ఒక మామూలు ఫ్రేములో పవరు వేసి, గోధుమరంగు వేయిద్దాం. మరీ ముదురు అక్కర్లేదు. ఎండ ఉన్నంతసేపు అవి పెట్టుకుంటారు, ఎండ పోయాక ఇప్పుడున్న తెల్లవి పెట్టుకుంటారు."

"రెండు జతలెందుకు?" అన్నాడు మా మరిది. "ఎండలో నల్లబడి, నీడలో తెల్లబడేవి ఉంటాయిగా. ఒక్క జతతో రెండు పనులూ అయిపోతాయి."

"ఉంటాయండీ. బయట నడిచి తిరిగేవాళ్ళకి బాగుంటాయి. కానీ అవి నల్లబడాలంటే ఎండలో ఒక రకం కిరణాలు తగలాలి. బండి ముందద్దం వాటిని ఆపేస్తుంది. వ్యానులో కూర్చుంటే ఇవి పెద్దగా నల్లబడవు."

"అమ్మేవాళ్ళు అలాగే అంటారు. రెండు జతలు అంటగట్టాలి కదా మరి."

మా మరిది మాట నేను వినలేదు. అమ్మాయి మాటే నా చెవిలో వీణ మోగినట్టు మోగింది. వ్యానులో కూర్చుంటే నల్లబడవు. అంటే అద్దాలు వచ్చాయని ఓనరు ఊరుకుంటాడు, అద్దాలు పనిచెయ్యవు కనుక మూత పట్టుకోవడానికి నేనుంటాను. ఆయన వ్యాను ఆయనకి, నా సీటు నాకు. ఇంత తెలివి నాకు ఎప్పుడూ రాలేదు.

"మీ తమ్ముడు చెప్పింది నిజమే" అన్నాను.

మా మరిది స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. మా ఆయన పరీక్ష కోసం పెట్టిన ఆ బరువైన ఫ్రేములోంచి నన్ను చాలాసేపు చూశాడు.

"అంతేనంటావా?"

"అంతే."

అమ్మాయి ఇంకోసారి చెప్పబోయింది. "అవే వేసెయ్యమ్మా" అన్నాడాయన.

సోమవారం మధ్యాహ్నం అద్దాలు చేతికొచ్చాయి. బేకరీ ముందు ఎండలో నిలబెట్టి ఓనరు చూశాడు. చూస్తుండగానే అవి నల్లగా నిగనిగలాడాయి. ఓనరు ఆయన చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఇప్పుడు డ్రైవరులా ఉన్నావు" అన్నాడు. అంతటితో ఊరుకోవచ్చు కదా. నా చేతిలోని మూత తీసుకున్నాడు, సీటు కింద దాచిన ఇంకో మూత కూడా ఎలాగో పసిగట్టి లాగేశాడు. రెండూ తీసుకెళ్ళి నిజంగానే కేకు డబ్బాలకు పెట్టేశాడు. కొత్త అద్దాలు ఎలా ఉన్నాయో చూడాలి కదా అని వంక పెట్టి నేను మాత్రం సీటెక్కాను.

కాసేపు బాగానే సాగింది. మొదటి మలుపు దాటేసరికి ఆయన కళ్ళు నాకు కనిపించడం మొదలుపెట్టాయి. రెండో మలుపుకి కనురెప్పలు లెక్కపెట్టుకోవచ్చు.

"ఇవి తెల్లబడుతున్నాయే" అన్నాడు.

సిగ్నలు దగ్గర బండి ఆగగానే కిటికీలోంచి తల బయటకు పెట్టి, రొట్టెని వేడికి చూపించినట్టు మొహాన్ని ఎండకి చూపించాడు. పక్కనున్న టాక్సీవాడు మా చక్రానికేదో అయిందనుకుని తనూ తల బయటపెట్టి కిందికి చూశాడు. అతన్ని చూసి వెనకవాడు, వాణ్ణి చూసి ఇంకోడు. ఆకుపచ్చ లైటు పడేసరికి ఆ వరసలో ప్రతి కిటికీకీ ఒక తల వేలాడుతోంది. ట్రాఫిక్ పోలీసు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏమైంది?"

"ఏం లేదు సార్, నల్లబడుతున్నాను" అన్నాడు మా ఆయన.

పోలీసు ఆయన్ని కాసేపు చూసి, నన్ను చూసి, వెళ్ళమని చెయ్యూపాడు.

దుకాణంలో ఇంకో ముచ్చట. సరుకు దించుతూ ఎండలో నిలబడి, అక్కణ్ణుంచి ఎకాయెకి చీకటి గదిలోకి వెళ్ళాడేమో, ఆ నల్లద్దాలతో ఏమీ కనపడలేదు. ఫ్రిజ్జుకి నమస్కారం పెట్టి, "అక్కా, ఇవాళ బన్నులు వేడివేడిగా ఉన్నాయి" అన్నాడు. "తమ్ముడూ, నేనిక్కడ" అని కొట్టు నడిపే అక్క వెనకనుంచి పిలిచింది. ఆ కంగారులో ట్రే తీసుకెళ్ళి నిద్రపోతున్న పిల్లి మీద దించబోయాడు. తీరా వ్యానెక్కేసరికి అద్దాలు మళ్ళీ తెల్లగా నీళ్ళలా అయిపోయాయి. తెల్లగా ఉండాల్సిన చోట నల్లగా, నల్లగా ఉండాల్సిన చోట తెల్లగా. అచ్చం వాటిని కొనమన్నవాడి బుద్ధే. నేను నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్నాను.

చివరి దుకాణాలకు వెళ్ళే తిన్నని రోడ్డు ఎక్కేదాకా నవ్వాను. అక్కడ చెట్లు లేవు, మలుపులు లేవు. సూర్యుడు సరిగ్గా కళ్ళకెదురుగా దిగి కూర్చున్నాడు. నేను అరచేతులు అడ్డం పెట్టాను. వేళ్ళ సందుల్లోంచి ఇంకా ఎక్కువ కొట్టింది. ఆయన మెల్లగా బండిని పక్కకు తీసి, ఆపి, తాళం తిప్పేశాడు.

"నాకు కనపడటం లేదు. కనపడకుండా నేను నడపను."

ఆయన అలా అంటుండగానే ఒకావిడ పసిపాప బండి తోసుకుంటూ మా ముందునుంచే రోడ్డు దాటింది. ఆయన ఆవిణ్ణి చూశాడో లేదో నేను అడగలేదు. అడగడానికి భయమేసింది.

సూర్యుడు కుంగేదాకా అక్కడే కూర్చున్నాం. బన్నులు చల్లారిపోయాయి. దుకాణాలవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఆయన తాళంచెవి ఊడదీసి, చొక్కా అంచుతో తుడిచి, "రేపు పొద్దున వెళ్ళి పొయ్యి దగ్గరే ఉంటానని చెప్పేస్తాను" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. నా సీటు నిలుపుకోవడానికి ఆయన సీటు తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టాను.

మర్నాడు కళ్ళద్దాల షాపు తెరవకముందే మెట్ల మీద కూర్చున్నాను. నా చేతిలో ఆయన పాత ఫ్రేము ఉంది, ఎప్పటినుంచో నా గుండీల డబ్బాలో పడి ఉన్నది. "కొత్త ఫ్రేము వద్దమ్మా. దీన్లోనే పవరు వేసి, నువ్వు చెప్పిన గోధుమరంగు వెయ్యి. ఆ రోజు నువ్వు చెప్పింది నాకు బాగానే వినపడింది" అన్నాను.

"అందరికీ వినపడేట్టే చెప్పానాంటీ" అంది ఆ పిల్ల, నవ్వకుండా.

ఖర్చు చూస్తే మా మరిది సలహా కంటే చాలా చౌకలో తేలిపోయింది. మధ్యాహ్నం దాటాక అద్దాలు చేతికిస్తూ, "వెలుతురు తగ్గగానే ఇవి తీసేసి తెల్లవి పెట్టుకోమనండి. వీటితో చీకట్లో నడపకూడదు" అని మరీమరీ చెప్పింది.

నేను బేకరీకి వెళ్ళేసరికి మా ఆయన ఏప్రాను కట్టుకుని పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. మొహం ఎర్రగా కందిపోయింది. అప్పటికే ట్రే ఒకటి మాడ్చాడని ఓనరు చెప్పాడు. "ఇవాళ్టికి తాళాలు ఇచ్చి చూడండి" అని ఓనర్ని బతిమాలాను. ఈసారి ఓనరు మోసపోలేదు. వ్యాను పడమటికి తిప్పించి, ఆయన్ని లోపల కూర్చోబెట్టి, రోడ్డుకి ఆ చివరనున్న బోర్డు చదవమన్నాడు. ఆయన బోర్డు చదివాడు, దాని కింద ఉన్న చిన్న అక్షరాలు చదివాడు, గోడ మీద మూత్రం పొయ్యరాదని రాసింది కూడా చదివాడు. ఓనరు తాళాలు ఆయన అరచేతిలో పెట్టాడు.

నేను ఇంటికి నడిచొచ్చేశాను. నన్నెవరూ ఆగమనలేదు. ఆగమనడానికి నాకక్కడ పనేముంది కనుక? మిషను ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటు అంచు మడిచాను. కాళ్ళు రెండింటికీ రెండు పొడుగులు వచ్చాయి. విప్పి మళ్ళీ కుట్టాను.

సాయంత్రం సరుకు వేసే వేళకు వాకిట్లో హారన్ మోగింది. వెళ్ళి చూస్తే వ్యాను. ఆ పాత ఫ్రేము, గోధుమరంగు అద్దాలతో మా ఆయన స్టీరింగు ముందు దర్జాగా ఉన్నాడు.

"ఎక్కు" అన్నాడు.

"ఎందుకూ? ఇప్పుడు కనపడుతోంది కదా."

పెట్టెలో పెట్టిన తెల్ల కళ్ళద్దాలు నా చేతిలో పెట్టాడు. "వెలుతురు తగ్గగానే ఇవి మార్చుకోవాలట కదా. స్టీరింగు వదిలేసి నేనెలా మార్చుకుంటాను? అందించడానికి మనిషి కావాలని ఓనరుతో చెప్పాను. సరేనన్నాడు."

"బండి పక్కకి ఆపి మార్చుకోవచ్చుగా."

"మార్చుకోవచ్చు. ఓనరుకి ఆ ఆలోచన రాలేదు. నువ్వు చెప్పకు."

ఎక్కాను. రెండు మలుపులు తిరిగాక ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే, "మా తమ్ముడు చెప్పింది నిజమే అన్నావు చూడు, అప్పుడే నాకు తెలిసిపోయింది" అన్నాడు.

నా మొహం ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. కిటికీ వైపు పెట్టాను. "తెలిస్తే మరి ఎందుకు కొన్నారు?"

"నాకు లోపం కళ్ళకేనే, చెవులకి కాదు. వ్యానులో నల్లబడవని ఆ అమ్మాయి చెప్పింది నేనూ విన్నాను."

తిన్నని రోడ్డు వచ్చింది. సూర్యుడు సరిగ్గా మా ఎదురుగా ఉన్నాడు, మధ్యలో ఏ మూతా లేదు. నా ఒళ్ళో కళ్ళద్దాల పెట్టె ఉంది. చేయి లాగుతోందన్నాను.